నూట యాభై కిలోల ఉయ్యాల

నూట యాభై కిలోల బరువు మోస్తుందని పెట్టె మీద అచ్చువేసి అమ్మిన ఉయ్యాల నన్ను మోయలేదు. నేను నూట యాభై కిలోలు లేను. జరిగిన అన్యాయం ఇదీ. కారణాలూ సంజాయిషీలూ దీని తరవాత.

ఉయ్యాల అంటే పసిపిల్లల తొట్టి కాదు, వసారాలో గొలుసులకి వేలాడే బల్లా కాదు. రెండు చెట్ల మధ్య కట్టుకుని పెద్దవాళ్ళు పడుకునే గుడ్డ. వీపున సంచి తగిలించుకుని కొండలూ అడవులూ తిరిగే కుర్రకారు దాన్ని హ్యామక్ అంటారు. డెబ్బై దాటిన నాకు దానితో ఏం పని అని మీరు అడగవచ్చు. మా ఆవిడ సుగుణమ్మ ముందే అడిగింది.

మా చర్చిలో వయసు మళ్ళిన మగవాళ్ళం ఏటా కోతలూ కుప్పనూర్పిళ్ళూ అయ్యాక హంసలదీవి వెళ్తాం. కృష్ణ సముద్రంలో కలిసే ఆ చోట ఒక రాత్రి ఆరుబయట పడుకుని, పొద్దు పొడిచేటప్పుడు ప్రార్థన చేసుకుని వస్తాం. అందరూ ఇసుకలో చాపలు పరుచుకుంటారు. నా మోకాళ్ళు నన్ను నేల మీదకి దిగనిస్తాయి గానీ లేవనివ్వవు. ఒక ఏడు నన్ను ఇసుకలోంచి లేపబోయి ఇద్దరు నడుములు పట్టుకుని కూర్చున్నారు. అప్పట్నించీ నన్ను దారిలో అవనిగడ్డ లాడ్జిలో దింపి మిగతావాళ్ళు ముందుకి వెళ్తున్నారు. మర్నాడు వాళ్ళు తిరిగొచ్చి సూర్యుడు ఎలా వచ్చాడో చెప్తే నేను గదిలో కూర్చుని వినాలి. బతికుండగానే నాకు సూర్యోదయం ఎదుటివాళ్ళ నోటి మాట అయిపోయింది.

కాళ్ళు జారవిడిచి లేవగలిగే పక్క ఒకటి నాకు కావాలి. మడత మంచాలు ఇప్పటికే నా కింద విరిగాయి. నులకమంచం అందరూ ఎక్కే వ్యానులో పట్టదు. అందుకని ఉయ్యాల.

గుడివాడ

ఫోనులో చూసి పద్నాలుగు వందలకి తెప్పించాను. చిలకపచ్చ రంగు. పొట్లం కడితే చేతిసంచిలో మూలకి పోతుంది. మా పెరట్లో కొబ్బరిచెట్టుకీ సపోటా చెట్టుకీ మధ్య నేనే కట్టాను. మాది నులకమంచాల మీద పుట్టి పెరిగిన ఇల్లు. మంచం వదులుగా ఉందంటే ఆ ఇంట్లో మగవాళ్ళు సోమరులని మా నాయనమ్మ తేల్చేసేది. అందుచేత వేలితో మీటితే మోగేలా బిగించాను.

మా బావమరిది ప్రకాశం గోడ అవతల నుంచి చూస్తున్నాడు. బస్సు కండక్టరుగా చేసి రిటైరయినవాడు. జనం మీద నోరు చేసుకునే అలవాటు ఉద్యోగంతో పోలేదు.

"బావా, దాని మీద అప్పడాలు ఆరేసుకోవచ్చు," అన్నాడు.

నేను కూర్చున్నాను. కాళ్ళు పైకి తీసుకున్నాను. ఒక కొసన గుడ్డ ఫట్‌మని చిరిగింది. ఆ తరవాత నాకు కనబడింది సపోటా చెట్టు కొమ్మల లోపలి భాగం.

సుగుణమ్మ వంటింట్లోంచి రాలేదు. "కొబ్బరిబొండం పడిందనుకున్నాను," అంది తరవాత.

అమ్మినవాళ్ళకి ఫొటో పెట్టాను. జవాబు వచ్చింది: "ప్రియమైన కస్టమర్, మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. వాడకంలో లోపం వల్ల జరిగిన నష్టానికి మేము బాధ్యులం కాము." నేను డబ్బు అడగలేదు. అడిగింది ఒకటే ప్రశ్న: ఈ నూట యాభై కిలోలు ఎవరు తూచారు, దేనితో తూచారు? దానికీ చింతిస్తున్నాము అనే వచ్చింది. మళ్ళీ అడిగాను. మళ్ళీ చింతించారు.

నేను రైస్‌మిల్లులో కాటా దగ్గర నిలబడి ముసలివాణ్ణయ్యాను. బస్తా మీద డెబ్బై అయిదు అని ఉంటే అందులో డెబ్బై అయిదు ఉండాలి. తడిసిందనీ తాలు ఉందనీ తరుగు తీస్తూ రైతుని ముంచే షావుకార్లతో నేను పడ్డ గొడవలు మా పేటలో పెద్దవాళ్ళకి తెలుసు. బడి చదువు నాకు అంతంతమాత్రం. పచారీ పొట్లాల కాగితాలూ బైబిలూ చదివి అక్షరాలు నిలబెట్టుకున్నవాణ్ణి. కాబట్టి అచ్చులో ఉన్న మాటంటే నాకు గౌరవం. ఆ గౌరవాన్ని అడ్డం పెట్టుకుని తూచకుండా అంకె వేస్తే ఒళ్ళు మండుతుంది.

గుడివాడ బజారులో ఆటసామాన్ల కొట్టుకి వెళ్ళి ఇంకోటి అడిగాను. కొట్టు కుర్రాడు నన్ను కింద నుంచి పైదాకా చూసి, "అంకుల్, ఇవి చిన్నపిల్లలకండీ," అన్నాడు. పెట్టె మీద బొమ్మలో గడ్డం ఉన్నవాడు పడుకుని ఉన్నాడు.

హంసలదీవి ప్రయాణం దగ్గర పడింది. "ఈసారి కూడా లాడ్జికి చెప్పేదా బావా?" అని ప్రకాశం అడిగాడు. వాడు వెటకారంగా అడిగి ఉంటే తిట్టేవాణ్ణి. మామూలుగా అడిగాడు. అది ఇంకా బాధ.

"మనిద్దరం ముందు బయల్దేరదాం," అన్నాను. "పెడనలో గుడ్డ ఉంది, బందరులో తాడు ఉంది. దొరికితే నేను ఇసుకలో ఉంటాను. దొరక్కపోతే నీ లాడ్జికే పోతాను."

పెడన

షేరింగ్ ఆటోవాడు నన్ను చూసి రెండు సీట్ల డబ్బులడిగాడు.

"బస్తాకి బరువు లెక్క. మనిషికి తల లెక్క. నాకు ఎన్ని తలలున్నాయి?" అన్నాను.

"తల ఒకటేనండీ. మిగతాది నా బండి మొయ్యాలి కదా," అన్నాడు వాడు. పక్కనున్న ఆడవాళ్ళు చీరకొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. చివరికి సీటున్నరకి ఒప్పుకున్నాం. అర సీటు ఎలా ఉంటుందో నాకు ఇప్పటికీ తెలియదు.

పెడన దారుల్లో అద్దకం చీరలు గడ్డి మీద ఆరబెట్టి ఉంటాయి. కాకులు వాటి మీద నడవకుండా పిల్లలు కర్రలు పట్టుకుని తిరుగుతుంటారు. మా గుడివాడలో ఫలానావాళ్ళ ఇల్లు ఏదని అడిగితే, వాళ్ళ కులం చెప్తేనే గుర్తులు చెప్తారు. ఇక్కడ ఏ గుడ్డ కావాలో చెప్తే ఇంటిదాకా తీసుకెళ్ళి దిగబెట్టారు. ఆ ఇంటివాళ్ళు ప్రకాశం ఆ దారి బస్సుల్లో చేసినప్పుడు ఎరిగిన నేతవారే, వెంకటేశ్వరమ్మ, ఆమె భర్త. ఆమె నా చిలకపచ్చ గుడ్డని రెండు వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"దోమతెర లాగుందండీ అన్నయ్యగారూ. ఎట్టా కట్టారు?"

మోగేలా బిగించానని గర్వంగానే చెప్పాను. ఆమె నవ్వలేదు. మగ్గం గదిలో దూలానికి పాతచీరతో కట్టిన ఉయ్యాలలో వాళ్ళ మనవడు నిద్రపోతున్నాడు. చీర మధ్యలో లోతుగా జారి ఉంది, బావిలో చేద లాగా.

"దీన్ని మాత్రం ఎందుకు బిగించలేదమ్మా?"

"బిగిస్తే పిల్లాడు దొర్లి పడడండీ? పైగా దూలం మూలుగుద్ది," అంది ఆమె, మగ్గంలో నూలు కండె మార్చుకుంటూ.

దూలం మూలుగుతుందన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మిల్లులో బస్తాకి తాడు కట్టి ఇద్దరు చెరో కొసా పట్టుకుని మోసేవారు. దగ్గరగా నిలబడి తాడు వదిలితే ఆ ఇద్దరికీ ఉండేది బస్తా బరువే. ఎడంగా జరిగి తాడుని తిన్నగా లాగి పట్టుకోమంటే పహిల్వాన్ల వల్ల కూడా అయ్యేది కాదు. ఇది నాకు తెలుసు. తెలిసి కూడా ఉయ్యాలని మంచంలా కట్టాను. గుడ్డని చింపింది నా బరువొక్కటే కాదు, మా నాయనమ్మ బిగింపు కూడా.

అలాగని కంపెనీవాళ్ళని వదిలిపెట్టానని అనుకోకండి. వదులుగా కట్టాలని పెట్టె మీద ఒక్క ముక్క లేదు. బజారు కొట్టులో పెట్టె మీది గడ్డంవాడు కూడా మంచం మీద పడుకున్నట్టే ఉన్నాడు.

వెంకటేశ్వరమ్మ భర్త దళసరి దుప్పటి గుడ్డ తీశాడు. పొడవు నా ఎత్తుకి రెట్టింపు ఉండాలన్నాను, కొసలు ముడులకి పోతాయి కాబట్టి. వెడల్పు నేను చేతులు రెండూ చాపినంత. షాపులో దొరికేవన్నీ పొట్టివి, సన్నగా ఉండే మనిషి కోసం కత్తిరించినవి. అంచులు రెండు మడతలు కుట్టించి తొమ్మిది వందలకి ఇచ్చారు. భోజనం పెట్టారు. గోంగూర పచ్చడిలో ఉల్లిపాయ, గడ్డపెరుగు. మా ఇంట్లో గోంగూరకి ఎండుమిర్చి, అక్కడ పచ్చిమిర్చి. నాకు వాళ్ళదే నచ్చిందని సుగుణమ్మకి చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

బందరు

బందరులో ముందు హల్వా తిన్నాం. అది తినకుండా ఏ పనీ మొదలుపెట్టకూడదని ప్రకాశం నియమం. తాళ్ళ కొట్టులో పడవలకి కట్టే నైలాన్ తాడూ, లారీ సరుకు బిగించే వెడల్పాటి బెల్టులూ అడిగాను. సన్నతాడు చెట్టు బెరడులోకి దిగిపోతుంది. బెల్టయితే చెట్టుకీ మంచిది, మనకీ మంచిది.

"ఇది ఏనుగుని ఆపుద్దండీ," అన్నాడు కొట్టాయన, నా వైపు చూస్తూ.

"ఏనుగు సంగతి ఏనుగులవాళ్ళు చూసుకుంటారు. మా బావ సంగతి చెప్పండి," అన్నాడు ప్రకాశం.

"ఎంత ఉంటారండీ?"

"నూట పదిహేను," అన్నాను.

"ఎప్పుడు తూగావు బావా?"

ఊరందరి ధాన్యం తూచినవాణ్ణి, నేను కాటా ఎక్కి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు. ఇంతసేపూ తూచకుండా అంకె వేశారని ఎవరినైతే తిడుతున్నానో, ఇప్పుడు నేను చేసిందీ అదే. కొట్టాయన్ని ఆగమని చెప్పి గిలకలదిండి రేవుకి ఆటో కట్టించుకున్నాను.

రేవులో వేలంపాట అయిపోయింది. ఆడవాళ్ళు మిగిలిన చేపలు మంచులో సర్దుకుంటున్నారు. చేపలు తూచే కాటా మీద ఎక్కుతానంటే ఒకావిడ గంప పక్కకి నెట్టింది.

"ఎక్కండి తాతగారూ. చేపకయితే నీళ్ళు కారనిచ్చి తూస్తాం, మీకు అక్కర్లేదులెండి."

"ఎంత పాడతారమ్మా ఈ పండుగప్పకి?" అని ప్రకాశం మొదలుపెట్టాడు.

"ముసలి చేప. ముల్లు గట్టిపడి ఉంటది," అంది ఇంకొకావిడ. రేవంతా నవ్వింది. నేను కూడా నవ్వాను, అంకె కనబడేదాకా.

నూట ఇరవై ఎనిమిది. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. కాటా తప్పనడానికి నోరు రాలేదు. అప్పటిదాకా అది చేపల విషయంలో నిజమే చెప్తోంది. అయినా నూట యాభైకి చాలా దూరంలోనే ఉన్నాను, గుర్తుంచుకోండి. తిరిగి కొట్టుకి వెళ్ళి ఉన్నమాట చెప్పి, దానికి రెట్టింపు పైన బరువు ఆపే బెల్టులు తీసుకున్నాను. గుడ్డకీ తాడుకీ బెల్టులకీ కలిపి షాపు ఉయ్యాల కంటే కాస్త ఎక్కువైంది. పడితే ఆసుపత్రికి అయ్యేదానితో పోలిస్తే చవక.

మోపిదేవి దాటాక

మోపిదేవిలో సుబ్రహ్మణ్యస్వామి గుడికి వచ్చిన జనంతో బస్సు ఖాళీ అయింది, మళ్ళీ నిండింది. ఆ సందులో ప్రకాశం పులిహోర తెస్తానని దిగాడు. వాడు రాలేదని నేను దిగాను. బస్సు మా గుడ్డతో సహా వెళ్ళిపోయింది. ముప్పై ఏళ్ళు టిక్కెట్లు కొట్టినవాడు బస్సు తప్పడం నేను మా పేటలో ఇంకా చెప్తూనే ఉన్నాను.

ఆటోలో వెంటపడ్డాం. అవనిగడ్డ బస్టాండులో కండక్టరు మూటని తన సీటు కింద భద్రంగా పెట్టి మా కోసం చూస్తున్నాడు.

"ఏంటండీ ఇది, తెరచాపా?"

"మా బావ పడుకునే ఉయ్యాల," అన్నాడు ప్రకాశం.

కండక్టరు మూటనీ నన్నూ చూసి, "మీరెక్కే పడవకయితే గాలి చాలదనుకున్నానండీ," అని ఇచ్చేశాడు. బస్టాండుకి ఎదురుగానే ఆ లాడ్జి. నేను అటు చూడకుండా కోడూరు బస్సెక్కాను.

కోడూరులో టీ కొట్టు నడిపే మల్లేశ్వరి అనే ఆవిడ మూటని తడిమి చూసి, నూలుగుడ్డేనా అని అడిగింది. అవునన్నాను.

"మంచిదండీ. తడిస్తే ముడి ఇంకా బిగుస్తది. ఉప్పెనప్పుడు మా అమ్మ నన్ను తాటిచెట్టుకి చీరతో కట్టేసింది. తెల్లారాక కత్తితో కోసి దింపారంట." టీ వడకడుతూ ఆ మాట చెప్పింది. ఆ ఉప్పెన వార్తలు మిల్లులో రేడియో దగ్గర నిలబడి విన్నవాణ్ణి నేను. టీకి డబ్బులిస్తే ఒకటికే తీసుకుంది. గుడివాడలో టీ అయితే గ్లాసు కడిగేలోపే చెయ్యి చాపుతారు. దీవిసీమలో ముందు పెట్టి, తరవాత ఏ ఊరని అడుగుతారు.

హంసలదీవి

మిగతావాళ్ళు వ్యానులో అప్పటికే చేరుకున్నారు. మేమంతా దిగేది పోతురాజు అనే జాలరి సరుగుడు తోటలో. మా బృందానికి పెద్ద రత్నంగారు, రిటైరయిన మాస్టారు. నన్ను చూడగానే చేతులు పట్టుకున్నారు.

"గది అట్టే పెట్టించానండీ. వ్యానుంది, చీకటి పడకుండా దింపిస్తాను. మొహమాటపడకండి."

ఆయన మంచికే అన్నారు. అయినా నేను మూట విప్పాను. "ముందు దీన్ని తూద్దాం మాస్టారూ," అన్నాను.

సన్నచెట్లు వంగుతాయని పోతురాజు తోట అంచున రెండు ముదురు చెట్లు చూపించాడు. ఆ రెంటి మధ్య నేను రెండుసార్లు పడుకునేంత ఎడం. బెల్టులు చుట్టి, గుడ్డ కొసలు కుచ్చి, పడవ ముడి అతనే వేశాడు. వదులు నేను చూసుకున్నాను. కట్టిన తాడు చెట్టు నుంచి బాగా ఏటవాలుగా దిగాలి. గుడ్డ నడుమ నా మోకాళ్ళ ఎత్తుకి రావాలి. నాయనమ్మ చూస్తే తిట్టేది.

మిల్లులో కొత్త గొలుసు వస్తే మోయాల్సిన బరువుకి ఒకటిన్నర వంతు ఎత్తి చూశాకే నమ్మేవాళ్ళం. అయిదు ఖాళీ సిమెంటు సంచులు తెప్పించి, ఒక్కోటీ నలభై కిలోల లెక్కన ఇసుక నింపించాను. కాటా లేదు గానీ నా చేతులున్నాయి. ఒక్కో సంచీ పట్టుకు చూసి ఇంకో చేటెడు, ఇంకో దోసెడు అంటూ తూకం సరిచేశాను. ముసలివాళ్ళంతా ప్రార్థన పుస్తకాలు పక్కన పెట్టి చుట్టూ చేరారు. ఒక్కో సంచీ పడినప్పుడల్లా గుడ్డ కొంచెం దిగింది. నాలుగోదానికి ఒక ముడి కిర్రుమని జరిగింది.

రత్నంగారు వ్యాను డ్రైవరు వైపు చూడడం నాకు కనబడింది.

"ముడి సర్దుకుందండీ, అంతే," అన్నాడు పోతురాజు. "అయిదోది వెయ్యండి."

అయిదోది వేశాం. ఆగింది. ప్రకాశం చుట్ట వెలిగించి సగం తాగేదాకా అలాగే ఉంచాం. ఆగే ఉంది. సంచులు తీయించి నేను కూర్చున్నాను. కాళ్ళు పైకి తీసుకున్నాను. ఇసుకకి నాకూ మధ్య గాలి ఉంది.

తిన్నగా పడుకుంటే గుమ్మడికాయలా ముడుచుకుపోయాను. అటూ ఇటూ కదిలి ఓరగా, తల ఒక అంచుకీ కాళ్ళు రెండో అంచుకీ పెట్టి చూశాను. వీపు చాపుకుంది. వెడల్పు గుడ్డ ఎందుకో అప్పుడు తెలిసింది. ఇది కూడా ఏ పెట్టె మీదా రాసి లేదు.

"ఆ గది వద్దని ఫోను చేసెయ్యి ప్రకాశం," అన్నారు రత్నంగారు.

పోతురాజు ఇంటి నుంచి పీతల పులుసు వచ్చింది. పడుకున్నచోటే పళ్ళెం అందుకున్నాను. సుగుణమ్మ పెట్టిచ్చిన దుప్పటి ఒకటి కిందా ఒకటి పైనా వేసుకున్నాను, ఉయ్యాలలో చలి వీపు నుంచి ఎక్కుతుందని చెప్పడం మరిచిపోకూడదు.

ఇక తెల్లవారడం. సముద్రం వైపు ఆకాశం చేపపొట్టలా తెల్లబడింది. మిగతావాళ్ళు మూలుగుతూ, ఒకళ్ళ భుజం ఒకళ్ళు పట్టుకుని, ఇసుక దులుపుకుంటూ లేస్తున్నారు. ప్రకాశం నా వైపు చెయ్యి చాపాడు. నేను పట్టుకోలేదు. కాళ్ళు కిందకి వదిలాను. పాదాలకి చల్లటి ఇసుక తగిలింది. ముందుకి వంగి లేచి నిలబడ్డాను.

"అమ్మయ్య, నా నడుం బతికింది," అన్నాడు వాడు, మొహం అటు తిప్పుకుని.

సూర్యుడు ఎలా వచ్చాడో నేను రాయను. ఇన్నేళ్ళూ వాళ్ళు చెప్తే వినీ వినీ విసిగిపోయాను. మీరే వెళ్ళి చూడండి. ప్రార్థన అయ్యాక రత్నంగారు ఉయ్యాల చుట్టూ రెండుసార్లు తిరిగి, కాసేపు నడుం వాలుస్తానన్నారు. ఆయన్ని దింపడానికి మధ్యాహ్నమైంది.

ఇంటికొచ్చాక కంపెనీవాళ్ళకి ఇసుక సంచుల ఫొటో, రేవులో నా తూకం, వదులుగా ఎలా కట్టాలో వివరం రాసి, కింద నా పాత ప్రశ్నే మళ్ళీ వేశాను. చాలాకాలం ఏమీ రాలేదు, చింత కూడా. మొన్న ఈ జవాబు వచ్చింది:

"నమస్కారమండీ. నా పేరు స్వాతి. మీ ప్రశ్న ఇక్కడ అందరినీ అడిగాను. నూట యాభై కిలోలని మా దగ్గర ఎవరూ తూచలేదండీ. సరుకుతో వచ్చిన చీటీలో ఉన్నదే వేశాం. ఆ అంకె ఈరోజు తీయించాను. మీలాగా ఇసుక సంచులు వేసి చూశాకే మళ్ళీ వేస్తామని, వదులుగా కట్టే పద్ధతి కూడా బొమ్మతో ఇస్తామని మా మేనేజరుగారు ఒప్పుకున్నారు. ఇంకో మాటండీ. మా నాన్నగారు కూడా ఇంచుమించు మీ అంత మనిషి, మోకాళ్ళ నొప్పులు. ఆయనకి గుడ్డ ఎంత పొడవు తీసుకోమంటారు?"